ఉట్నూరు అక్క అడిగిన బ్యాటరీ

నిన్న సాయంత్రం దుకాణంలో ఒక పెద్దమనిషి తన వంతు వచ్చేదాకా ఆగలేక, వేలికున్న ఉంగరంతో గాజు కౌంటరు మీద టక్ టక్‌మని రెండుసార్లు కొట్టాడు. పాపం, ఆయన ఉద్దేశం తొందరగా చూడమని మాత్రమే. నా చేతిలో ఉన్న కెమెరా సంచి మాత్రం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఏం తప్పు చేశాను, ఎవరికి ఏమిస్తున్నాను, అడగవలసింది అడిగానా లేదా అని దడ మొదలైంది. ఎదురుగా నిలబడ్డ కాలేజీ అమ్మాయి "ఏమైంది మేడం?" అంటే, "ఏం లేదమ్మా, ఇంకొక్క మాట అడగాలి" అన్నాను. నిజానికి అడగడానికి మాటేదీ తయారుగా లేదు. ఆ చప్పుడు వింటే ఆగిపోవడం అలవాటైపోయింది, అంతే. ఆ అలవాటు చేసిన మనిషి పోయి రెండేళ్ళు దాటింది.

ఆయన పేరు ఇస్మాయిల్ భాయ్. కరీంనగర్‌లో ఈ కెమెరాల దుకాణం ఆయనదే. నేను మందమర్రిలో బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో పుట్టి పెరిగినదాన్ని. మావైపు గనిని బాయి అంటాం. డిగ్రీ అయ్యాక ఆడపిల్లల హాస్టల్లో ఉంటూ, ఏదో ఒక ఉద్యోగం దొరికేదాకా అనుకుని ఈ దుకాణంలో చేరాను. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో ఉండే భాయ్ కౌంటరు చివర స్టూలు మీద కూర్చుని పేపరు చదువుతున్నట్టు ఉండేవారు. చదివేవారు కాదు. నేను గిరాకీతో మాట్లాడే ప్రతి మాటా వినేవారు. నేను దారి తప్పానంటే చాలు, ఆయన వెండి ఉంగరం గాజు మీద రెండుసార్లు మోగేది. అరవడం, తిట్టడం, నలుగురిలో చిన్నబుచ్చడం ఎన్నడూ లేదు. ఆ రెండు చప్పుళ్ళకే నాకు చెమటలు పట్టేవి.

అసలే నాది భయపడే పుట్టుక. హాస్టల్ గదికి తాళం వేసి మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి చూసుకుని, వీధి చివరిదాకా వెళ్ళి మళ్ళీ అనుమానపడేదాన్ని. దుకాణంలో లెన్సు తీసి చూపించాలంటే రెండు చేతులతో పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తేదాన్ని. భాయ్ చూసి నవ్వేవారు. "రూతుకు ఫికర్ తినకపోతే అన్నం అరుగది" అని చాచీతో, అంటే ఆయన భార్యతో, నా ముందే చెప్పేవారు. నాకు ఉక్రోషం వచ్చేది. ఏం చేయను, నిజమే కదా.

మొదటి డిసెంబరు రాగానే ఆయన నన్ను పిలిచి, "నీ పండుగ, నువ్వే చూసుకో బేటా" అని క్రిస్మస్ కానుకల పని నాకు అప్పజెప్పారు. చర్చీల్లోనూ ఆసుపత్రుల్లోనూ చీటీలు వేసుకుని, ఎవరి పేరు వస్తే వాళ్ళకు తెలియకుండా కానుక ఇచ్చే ఆనవాయితీ మావైపు బాగా ఉంది. చీటీలో ఫోటోల పిచ్చివాడి పేరు వచ్చిందంటే ఇచ్చేవాళ్ళకు పెద్ద పరీక్ష. చొక్కా కొనడం సులువు, గడియారం కొనడం సులువు. కెమెరా పట్టుకునేవాడికి ఏం కొన్నా, అది వాడికి ఇదివరకే ఉంటుంది, లేకపోతే వాడి కెమెరాకు అతకదు. అందుకని బిక్కమొహాలు వేసుకుని మా దుకాణానికి వచ్చేవాళ్ళు. వాళ్ళకంటే నేనే ఎక్కువ బిక్కచచ్చిపోయేదాన్ని.

మొదటి గిరాకీ భైంసా నుంచి వచ్చిన పత్తి వ్యాపారి. తన దగ్గర పత్తి కొనే మిల్లు మేనేజరుకు కానుక ఇవ్వాలట. నేను నోరు తెరిచి "మీ బడ్జెట్ ఎంతన్నా?" అన్నానో లేదో, ఉంగరం మోగింది. భాయ్ పేపరు పక్కన పెట్టి, తీరిగ్గా లేచి వచ్చి అడిగారు. "సేట్, మేనేజర్ సాబ్ దేని ఫోటోలు తీస్తడు?" వ్యాపారి కొంచెం ఆలోచించి, ఇద్దరు చిన్న పిల్లలున్నారు, ఎప్పుడు చూసినా వాళ్ళ ఫోటోలే చూపిస్తాడు అన్నాడు. "ఇంట్లనా, బయటనా?" "ఇంట్లనే." భాయ్ అద్దాల అల్మారా తెరిచి, అరచేతిలో ఇమిడిపోయే చిన్న లెన్సు ఒకటి తీసి ముందు పెట్టారు. ఇంట్లో తక్కువ వెలుతురులో పిల్లల ముఖాలు బాగా వచ్చేది అదే. వ్యాపారి ముఖం చిన్నబోయింది. ఆయన కన్ను పై అరలో ఉన్న మోచేయంత లెన్సు మీద ఉంది.

"గింత చిన్నగుంటే నా ఇజ్జత్ ఏముంటది భాయ్?" అన్నాడు.

"పెద్దది ఇస్తే అల్మారిల ఉంటది సేట్. చిన్నది ఇస్తే ఆయన మెడల ఉంటది. నీ ఇజ్జత్ ఏడుండాల్నో నువ్వే చెప్పు" అన్నారు భాయ్. వ్యాపారి నవ్వి చిన్నదే తీసుకువెళ్ళాడు. పెద్ద బేరం చేతికందినట్టే అంది జారిపోయిందని నేను లోలోపల ఏడ్చుకున్నాను. భాయ్ మళ్ళీ వెళ్ళి పేపరు చేతిలోకి తీసుకున్నారు.

ఆ వారమే నర్సింగ్ చదివే అమ్మాయి ఒకతె వచ్చింది. వాళ్ళ ఆసుపత్రిలో ఏ వేడుక జరిగినా పాత కెమెరా ఒకటి పట్టుకుని అందరికీ ఫోటోలు తీసే ముసలి కాంపౌండరు పేరు ఆమె చీటీలో వచ్చిందట. చేతిలో ఉన్నది చాలా తక్కువని చెప్పడానికి ఆ పిల్ల పడ్డ అవస్థ చూస్తే నాకే జాలేసింది. లెన్సు తుడిచే బట్ట చూపించనా, మెడకు వేసుకునే పట్టీ చూపించనా అని నేను తంటాలు పడుతుంటే భాయ్ ఆమెను అడిగారు. "ఆయన ఉన్న ఫోటో ఒక్కటన్న ఉన్నదా బేటా నీ ఫోన్ల?" ఆమె చాలాసేపు వెతికింది. వందల ఫోటోలు. ఒక్కదానిలో మాత్రం ఓ మూలన, కన్ను కెమెరాకు ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని ఆ ముసలాయన ఉన్నాడు. ఎవరో పొరపాటున తీసింది. ఆ ముక్కను మాత్రం పెద్దది చేసి అచ్చువేయించి, ఫ్రేము కట్టి ఇచ్చాం. "ఫోటోలు తీసేటోడు ఏ ఫోటోల ఉండడు" అన్నారు భాయ్ ఆమె వెళ్ళాక. అంత చిన్న మొత్తంలో అంత మంచి కానుక తయారవుతుందని నాకు ఆరోజే తెలిసింది.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టారు. కానుక ఏది వెళ్ళినా సరే, తర్వాత ఆయనకు మూడు మాటలు చెప్పాలి. ఎవరికి, ఏమిటి, దేనికి. మూడోది గిరాకీ నోటినుంచి వచ్చిన మాటే కావాలి, నేను అనుకున్నది పనికిరాదు. "నీ నోటిది నాకొద్దు, ఆల్ల నోటిది జెప్పు" అనేవారు. పరీక్ష హాల్లో నిలబడ్డట్టు నిలబడి అప్పజెప్పేదాన్ని. ఏడాది తిరిగేసరికి బాగానే వచ్చిందనుకున్నాను. ఏ కెమెరాను దూరం నుంచి చూసినా పేరూ నంబరూ చెప్పేయగలిగేదాన్ని. అంతకు ముందెన్నడూ లేని ధైర్యం ఒకటి వచ్చింది, కొంచెం పొగరు కూడా వచ్చిందేమో.

రెండో ఏడు పండుగ సోమవారం పడింది. దాని ముందటి శుక్రవారం మధ్యాహ్నం భాయ్ నమాజుకు వెళ్ళారు. కౌంటరు ముందు నలుగురైదుగురు, వెనకాల నేనొక్కదాన్నే. వాళ్ళలో ఒకావిడ, నలభై ఏళ్ళుంటాయి, భుజానికి సంచి, చేతిలో ఆసుపత్రి ఫైలు. పేరు శాంతమ్మ. ఉట్నూరు దాటాక అడవి పక్క పల్లె. భర్త అక్కడే బడిపంతులు. చెల్లెలి కాన్పుకని కరీంనగర్ వచ్చిందట, రెండు గంటల బస్సు దొరక్కపోతే ఇక ఆరోజు ఊరు చేరడం కుదరదట. గడియారం చూస్తూ, నన్ను చూస్తూ నిలబడి, తన వంతు రాగానే ఒక్క ఊపిరిలో చెప్పింది.

"చెల్లె, మా సారుకు ఒక్క బ్యాటరీ ఇయ్యరాదు. కిర్స్మసుకు ఇస్త. ఆయనకు పిట్టల ఫోటోల పిచ్చి."

"ఇప్పుడున్నది మంచిగ లేదా అక్కా?"

"ఎన్నొద్దులది అది. జల్ది బందైతుంది. చీకటితోని లేసి అడివిలకు పోతడు. నడి తొవ్వల బందైతే ఏం గావాలె చెప్పు."

ఆయన కెమెరా ఏదని అడిగాను. ఆమె అదెందుకన్నట్టు చూసి, ఫోన్లో భర్త ఫోటో చూపించింది. మెడలో వేలాడుతున్న కెమెరాను ఒక్క చూపుతో గుర్తుపట్టి, నాలో నేనే మురిసిపోతూ, దానికి సరిగ్గా సరిపోయే బ్యాటరీ తీశాను. ధర వినగానే "బ్యాటరీ గింతనా?" అంది. "ఒరిజినల్ అక్కా, ఏండ్లకేండ్లు ఫికర్ లేదు" అన్నాను. ఆమె ఒక్క నిమిషం తటపటాయించి, "సరే తియ్, ఆయన పానం కంటె ఎక్కువనా" అంది. ఆ మాట విని కూడా నాకు అనుమానం రాలేదు. రంగు కాగితంలో చుట్టి ఇచ్చాను. ఆమె దాన్ని సంచి అడుగున దాచుకుని బస్టాండుకు పరుగెత్తింది. ఉంగరం మోగే దిక్కు లేదు, స్టూలు ఖాళీగా ఉంది.

నమాజు నుంచి వచ్చి కూర్చోగానే భాయ్ అడిగారు. "ఎవలకు?"

"ఉట్నూరు అక్క వాళ్ళ సారుకు."

"ఏంది?"

"బ్యాటరీ."

"దేనికి?"

"కెమెరాకు."

"కెమెరాకని ఆమె అన్నదా?"

అనలేదు. ఆమె ఏమందో గుర్తు తెచ్చుకుని అప్పజెప్పాను. చీకటితోని అడివిలకు పోతడు, నడి తొవ్వల బందైతది, పానం కంటె ఎక్కువనా. చెబుతుంటేనే అనుమానం మొదలైంది. భాయ్ కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. "రూతూ, మీ ఇంట్ల బ్యాటరీ అంటే ఏంది?" అని మెల్లగా అడిగారు.

మా ఇంట్లో బ్యాటరీ అంటే టార్చిలైటు. మా ఇంట్లోనే కాదు, మావైపు ఏ ఇంట్లోనైనా అంతే. కరెంటు పోతే మా అవ్వ, అంటే మా అమ్మ, "బ్యాటరీ ఏడవెట్టినవే?" అని అరిచేది. మొదటి షిఫ్టుకు చీకట్లో బయలుదేరే బాపు గడప దగ్గర నిలబడి "బ్యాటరీ అందుకో బిడ్డా" అనేవాడు. ఆ మాట వింటూ పుట్టి, ఆ మాట అంటూ పెరిగాను. ఏడాదిన్నర ఈ కౌంటరు వెనక నిలబడేసరికి మా అవ్వ మాట నాకు అర్థం కాకుండా పోయింది. చీకట్లో అడవికి పోయే మనిషికి వెలుతురు అడిగితే నల్లటి చిన్న డబ్బీ ఒకటి చుట్టబెట్టి ఇచ్చాను, అదీ నా తెలివి.

భాయ్ "ఫోన్ కొట్టు" అన్నారు. బిల్లు మీద ఆమె నంబరుంది. ఆ పల్లెలో సిగ్నలుండదు కాబోలు, ఎన్నిసార్లు చేసినా అందుబాటులో లేదనే వచ్చింది. శుక్రవారం రాత్రిదాకా చేశాను, శనివారం పొద్దున లేచింది మొదలు చేశాను. మధ్యమధ్య నా కళ్ళ ముందు అడవి దారి, గడ్డిలో పాము, ఆరిపోతున్న లైటు. నేనెన్నడూ చూడని ఆ పంతులుగారి ముఖం ఫోన్లో చూసిన ఫోటోలో మాదిరి నవ్వుతూ కనిపించేది. హాస్టల్లో అన్నం కలిపి, తినలేక పారేశాను. అవతల ఆయనకేమైనా అయితే ఆ పాపం నాదే అని ఒకటే దిగులు.

శనివారం సాయంత్రం, "లైటు కొని బస్సు పార్సిల్లో పంపిద్దాం భాయ్" అన్నాను.

"పార్సల్ పోయి బస్టాండుల పండుతది. ఆమెకు ఎవలు జెప్పాలె? రేపు దుకాణం బందే గదా, పోదం."

"ఒక్క లైటుకు గంత దూరమా?"

"లైటుకు గాదు" అన్నారు. దేనికో చెప్పలేదు. బజారుకు తీసుకువెళ్ళి, ఎలక్ట్రికల్ దుకాణం ముందు నిలబెట్టి, "నువ్వే చూడు, నేను ముట్ట" అన్నారు. టార్చిలైట్లు పది రకాలున్నాయి. ఒక్కొక్కటీ వెలిగించి గోడమీద వేసి చూస్తూ ఉంటే, ఆ పంతులుగారి రెండు చేతులూ కెమెరా మీదే ఉంటాయి కదా, ఇక లైటు ఏ చేత్తో పట్టుకుంటాడు అని తోచింది. నెత్తికి పట్టీతో కట్టుకునే లైటు ఒకటి మూలన కనిపించింది. అది తీసి భాయ్‌కి చూపించాను. "గిది ఎట్ల తోచింది?" అన్నారు. "మా బాపు బాయిలకు గట్లనే పోతడు భాయ్. టోపీకి లైటు, చేతులు పనికి." చెప్పానే గాని మళ్ళీ దడ పట్టుకుంది. ఆమె అడిగింది చేతిలో పట్టుకునేది. మళ్ళీ నా తెలివే చూపిస్తున్నానేమో. "రెండూ తీస్కో. అడిగి ఇద్దం" అన్నారు భాయ్.

ఆదివారం మొదటి బస్సెక్కాం. పెళ్ళికాని ఆడపిల్లతో ఒక్కణ్ణే పోతే బాగుండదని భాయ్ చాచీని కూడా వెంట తెచ్చారు. ఆమె లక్సెట్టిపేట రాకముందే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. జన్నారం దాటాక రోడ్డుకు రెండువైపులా టేకు చెట్లు, ఎండుటాకులు. భాయ్ కిటికీలోంచి చూస్తూ, "గిసొంటి చోట పిట్టల ఫోటోల శౌక్ రాకపోతేనే తప్పు" అన్నారు. నాకేమీ కనిపించడం లేదు. వెళ్ళగానే ఏమనాలో మనసులో చదువుకుంటున్నాను. ఆయన ముందుంటారు, పెద్దమనిషి, దుకాణం వారిదే, ఆయనే ఏదో సర్దిచెబుతారులే అని ఓ మూల ఆశ. ఉట్నూరులో జీపెక్కి, పన్నెండు మందిమి ఒకరి మీద ఒకరం కూర్చుని, ఒంటిగంట దాటాక ఆ పల్లెలో దిగాం.

ఇంటి వాకిట్లో కాగితపు నక్షత్రం కట్టి ఉంది. శాంతమ్మ గుమ్మంలోనే నిలబడి దారివైపు చూస్తోంది. మమ్మల్ని చూసి గుర్తుపట్టలేదు. భాయ్ అడుగు వెనక్కి వేసి, "నువ్వు చెప్పు" అన్నారు నాతో. అంతే, పోయి వాకిట్లో అరుగులాంటి గద్దె మీద కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది. బస్సులో చదువుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు.

"అక్కా, నువ్వు బ్యాటరీ అడిగితే నేను కెమెరా బ్యాటరీ ఇచ్చిన. నాదే తప్పు. మా ఇంట్ల గూడ దీన్నే బ్యాటరీ అంటరు. మతికి రాలే నాకు" అని రెండు లైట్లూ ఆమె ముందు పెట్టాను.

ఆమె లైట్లను చూసింది, నన్ను చూసింది. లోపలికి వెళ్ళి బియ్యం డబ్బాలోంచి నేను చుట్టి ఇచ్చిన ప్యాకెట్టు తెచ్చింది. ఒక పక్క కాగితం విప్పి ఉంది. "పండుగ దాక ఆగుదామనుకున్న. తెల్లారి చీకట్లనే పోతనన్నడు, పాత బ్యాటరీ బందైతుంది, ఎందుకచ్చిన తిప్పలని రాత్రే ఇచ్చేద్దామని ఇప్పిన. చూస్తే గిది. మళ్ళ దాచిన" అంది. ఆమె గొంతులో కోపం లేదు. "దుకాణమోళ్ళు తప్పిస్తరని నేననుకోలే చెల్లె. నాకే అడుగ రాలేదనుకున్న."

ఆమె నా రెండు చెంపలూ వాయించినా నేను అంత కుంగిపోయేదాన్ని కాదు. మా అవ్వ సరిగ్గా ఈ మాటే అంటుంది. మందుల దుకాణంలోనూ, బ్యాంకులోనూ, ఆఫీసులోనూ తనకు కావలసింది దొరక్క ఉత్త చేతులతో ఇంటికి వచ్చినప్పుడల్లా, "నాకే అడుగ రాలే" అని పొయ్యి ముందు కూర్చుంటుంది. కౌంటరుకు అవతల మా అవ్వను నిలబెట్టి, ఇవతల నేను నిలబడి చేసిన పని ఇది. తలెత్తి ఆమె ముఖం చూడలేకపోయాను.

ఇంతలో అసలు సంగతి తెలిసింది. పంతులుగారు ఆ పొద్దున పాత లైటు వెలగక ఫోను వెలుతురు పట్టుకుని అడవికి వెళ్ళారు. పది గంటలకల్లా వస్తానన్న మనిషి ఒంటిగంట దాటినా రాలేదు. ఇద్దరు మనుషులు వెతకడానికి వెళ్ళి గంటయింది. వాకిట్లో ఈ కొసనుంచి ఆ కొసకు తిరిగాను. చాచీ పెదవులు కదుపుతూ దువా చేస్తోంది. నేనేమో ప్రార్థన మొదలుపెట్టి సగంలో మరిచిపోతున్నాను. భాయ్ కూర్చున్న చోటినుంచి కదలలేదు, చాయ్ ఇస్తే ముట్టలేదు. శాంతమ్మ మాత్రం ఊరికే ఉండలేక వాకిలి ఊడ్చింది, అప్పటికే ఊడ్చిన వాకిలిని.

మూడు గంటలకు దారి మలుపులో ముగ్గురు మనుషులు కనబడ్డారు. మధ్యలో మనిషి కర్ర పట్టుకుని కుంటుతూ వస్తున్నాడు. మోకాళ్ళదాకా బురద, మెడలో కెమెరా. నాకు ప్రాణం లేచి వచ్చింది. శాంతమ్మ ఎదురెళ్ళలేదు, అక్కడే కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన గద్దె మీద కూర్చుని, చీలమండ వాచిపోయి ఉంటే దానివైపు చూడకుండా, మావైపు చూసి ఎవరన్నట్టు నవ్వారు. నేనే ముందుకు వెళ్ళి చెప్పాను. ఈసారి ఎవరూ చెప్పమనలేదు. అంతా విని ఆయన, "ఫోను ఎలుగు నాలుగడుగులే పడ్డది చెల్లె. అయిదో అడుగు కాలువల పడ్డది" అన్నారు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఏడ్చాను.

చాచీ ఉప్పునీళ్ళు కాచి ఆయన కాలికి కాపడం పెట్టింది. శాంతమ్మ రెండు లైట్లనూ తిప్పి తిప్పి చూసి, "గిది దేనికి?" అని నెత్తి లైటు చూపించింది. మా బాపు సంగతి చెప్పాను. ఆమె దాన్ని భర్త నెత్తికి కట్టి, ముడి బిగించి, పట్టపగలే వెలిగించింది. "గిది ఇప్పినవంటే చూడు" అంది. ఆ తిట్టులో ఎంత భయం ఉందో నాకు తెలిసింది. పంతులుగారు ఆ లైటు నెత్తిన ఉండగానే కెమెరా బ్యాటరీ డబ్బీని ఆశగా చూశారు. భాయ్ దాన్ని తీసి జేబులో వేసుకుని, "గిది వచ్చే కిర్స్మసుకు సార్" అన్నారు. శాంతమ్మకు తిరిగి ఇవ్వవలసిన డబ్బు అక్కడే ఇచ్చేసి లేచాం.

తిరుగు బస్సెక్కాం. లక్సెట్టిపేటలో దిగి నేను మందమర్రి వెళ్ళాలి, మరునాడు పండుగ. వాళ్ళిద్దరూ కరీంనగర్ బస్సెక్కాలి. దీపాలు పెట్టే వేళ, బస్టాండులో నిలబడి గట్టిగా మనసు చేసుకున్నాను.

"పండుగైనంక నేను రాను భాయ్. కౌంటరు నాతోని గాదు. ఎవరికి ఏమిస్తన్ననో అని భయమైతుంది."

"నిజంగ భయమైతుందా?"

"అయితుంది. ఇగ పోయేటట్టు లేదు."

"మంచిగైంది" అన్నారు. ఆయన నవ్వడం లేదు. "ఇన్నొద్దులు శుక్రవారం నమాజుకు పోతే నా దిల్ కౌంటరు మీదనే ఉండేది బేటా. మొన్నటిదాక నీకు అంత తెలుసన్న ధీమా ఉండె. ఇగ నేను నిమ్మళంగ నమాజు చదువుకుంట." బస్సు వచ్చింది. చాచీ నా చేతిలో రెండు ఖర్జూరాలు పెట్టి ఎక్కింది. పండుగ వెళ్ళిన మూడోరోజు నేను కరీంనగర్ బస్సెక్కాను.

ఆ తర్వాత ఆయన ఆరేళ్ళు బతికారు. శుక్రవారాలు మసీదు నుంచి తిన్నగా ఇంటికి వెళ్ళి భోంచేసి, ఓ కునుకు తీసి, సాయంత్రానికి వచ్చేవారు. వచ్చాక కూడా మూడు మాటలు అడగడం మానేశారు. కొడుకు దుబాయిలో స్థిరపడ్డాడు కాబట్టి దుకాణం ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. డిసెంబరు వచ్చిందంటే నాకు అన్నం సయించదు. వంద ప్యాకెట్లు వెళితే, అందులో ఏ ఒక్కటో ఏ పల్లెలోనో బియ్యం డబ్బాలో పడి ఉంటుందేమో, ఏ అక్కో తనకే అడగరాలేదనుకుని ఊరుకుందేమో అని గుండెల్లో రాయి. వెళ్ళిపోయినవాళ్ళకు ఫోన్ చేసి మళ్ళీ అడుగుతాను, కొందరు విసుక్కుంటారు కూడా. మొన్న మా ఆయన చూసీ చూసీ, "గింత పరేషాన్ ఎవలకన్న ఉంటదా, ఒక్కపారి డాక్టరుకు చూపెట్టుకో, తగ్గిపోతది" అన్నాడు. తగ్గిన రోజు దుకాణం మూసేస్తానని చెప్పాను.